ఊదకు దారి ఇచ్చేది ఎత్తుపల్లాలే

వరి మడిలో నీళ్లు నిలగట్టేది పైరు దాహం తీర్చడానికే అనుకుంటాం. నిజానికి ఆ నీళ్లు చేసే పెద్ద పని కలుపును అణచడం. నేల మీద నీరు నిలిస్తే మట్టిలోకి గాలి అందదు, చాలా రకాల గడ్డి విత్తనాలు మొలకెత్తవు. వరిలాగే కనిపించే ఊద అనే గడ్డి మాత్రం మొండిది, తక్కువ గాలిలోనూ మొలుస్తుంది. అయినా మొదటి నుంచీ 5 సెంటీమీటర్ల నీరు ఉంటే పైకి వచ్చేవి తక్కువే.

చిక్కంతా ఎత్తుపల్లాల దగ్గరే. మిట్ట మీద నాలుగు రోజులు బురద బయటపడితే చాలు, ఊద ఆకులు పైకి లేస్తాయి. ఆ తర్వాత ఎంత నీరు పెట్టినా దానికి లెక్క లేదు. మిట్టను ముంచుదామని నీరు పెంచితే పల్లంలో నారు మునుగుతుంది. గడ్డి గుబురుగా ఉన్న చోట దమ్ములో, అంటే నాటే ముందు మడిని బురదగా దున్నినప్పుడు, చదును తప్పిందా అని ముందు చూడాలి. మనం మాత్రం నేరుగా మందు డబ్బా దగ్గరికి పోతాం.

మందులు పనికిరావని నేననను. నాటిన తొలి రోజుల్లో వేసే ప్రెటిలాక్లోర్ మొలక దశలోనే గడ్డిని ఆపుతుంది. అయితే అదీ మడిలో పలుచగా నీరు నిలిస్తేనే సరిగా పనిచేస్తుంది. మొలిచాక కొట్టే బిస్పైరిబాక్ గడ్డిలోని ఒకే ఎంజైమును దెబ్బతీస్తుంది. ఏటా అదే కొడితే దాన్ని తట్టుకున్న మొక్కల విత్తనమే పొలంలో మిగులుతుంది. చేత్తో కలుపు తీసిన కాలంలోనూ ఊద ఇదే ఆట ఆడింది. కంటికి వేరుగా కనిపించినవాటిని పీకేశారు, అచ్చం వరిలా ఉన్నవి బతికాయి. అందుకే లేత ఊదను గుర్తుపట్టాలంటే ఆకు కాండాన్ని అంటే చోట చూడాలి. వరికి అక్కడ పల్చటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు.

ఇప్పుడు నారు నాటకుండా విత్తనాన్నే మడిలో వెదజల్లే పద్ధతి పెరుగుతోంది. నాటిన వరికి కలుపు మీద ఇరవై రోజులకు పైగా ముందంజ ఉంటుంది. వెదజల్లితే అది పోతుంది, తొలి రోజుల్లో నీరూ నిలగట్టలేం. ఇక్కడ ముందుగా ఒక తడి ఇచ్చి, మొలిచిన గడ్డిని చంపి, ఆ తర్వాతే విత్తడం మేలు. ఒక పది పదిహేను రోజులు ఆలస్యమవుతుందన్న టెన్షన్ ఉంటుంది, నిజమే. ఆరుతడి పెట్టేవాళ్లు, అంటే మడిని ఆరనిచ్చి మళ్లీ తడిపేవాళ్లు కూడా నాటాక మొదటి రెండు మూడు వారాలు నీరు తీయకపోవడం మంచిది.

కోతకు ముందు పైరు మీద తలెత్తిన ఊద కంకులను కోయడం దండగ అంటారు. ఈ పంట వరకైతే దండగే. కానీ ఒక్క దుబ్బు వేల గింజలు ఇస్తుంది, అవి వరి కోతకు రాకముందే మడిలో రాలిపోతాయి.