నీళ్లు తేరితే నది బాగుపడ్డట్టేనా?

బ్రెజిల్‌లోని రియో డోసే నది గురించి తరచూ వినిపించే వాదన ఇది: "డ్యామ్ తెగి వచ్చింది ఇనుప ఖనిజం కడిగిన మట్టే, విషం కాదు. నీళ్లు తేరాయి, చేపలు తిరుగుతున్నాయి, ల్యాబ్ రిపోర్టూ బాగుంది. ఇంకా టెన్షన్ ఎందుకు?" 2015 నవంబర్ 5న మరియానా పట్టణం దగ్గర గని వ్యర్థాలను నిలవ చేసే ఫుందావ్ డ్యామ్ తెగి 19 మంది చనిపోయారు. 3 కోట్ల ఘనపు మీటర్లకు పైగా గని వ్యర్థాలు బయటపడ్డాయి. ఆ బురద నది వెంట 600 కిలోమీటర్లు దాటి అట్లాంటిక్‌లో కలిసింది. ఇంత జరిగిన నదికి అంత తేలిగ్గా సర్టిఫికెట్ ఇచ్చేయడం నాకు బాధగా ఉంది.

"ఒట్టి మట్టే" అన్న మాట మొదట్లో కంపెనీ వైపు నుంచే వచ్చింది. ఆ వ్యర్థాలు రసాయనికంగా నిలకడైనవని, మామూలు మట్టిలాగే ఉంటాయని ఆ డ్యామ్ నడిపిన సమార్కో కంపెనీలో వాటా ఉన్న గనుల సంస్థ బీహెచ్‌పీ చెప్పింది. అదే నిజమనుకున్నా, ఆ వరద ఒంటరిగా రాలేదు. దారిలో నది అడుగును గీరుకుంటూ వచ్చింది. ఆ ప్రాంతపు రాళ్లలో సహజంగానే ఆర్సెనిక్ ఉంది, శతాబ్దాల బంగారు గనుల మడ్డి కూడా నదిలో పేరుకుంది. డ్యామ్‌లోని మట్టిని మాత్రమే పరీక్షిస్తే నది సంగతి తెలియదు. పైగా ఆ ఒట్టి మట్టే నది ఒడ్డున ఉన్న గవర్నదోర్ వలదారెస్ నగరానికి తాగునీళ్లు ఆపేసింది.

ఇక నీళ్లు తేరడం. అసలు పొరపాటు ఇక్కడే ఉంది. బురద నీళ్లు సీసాలో పట్టి ఒక రోజు కదపకుండా ఉంచండి. పైన తేట, అడుగున ఎర్రటి మడ్డి. ఒక్కసారి ఊపితే మళ్లీ మొదటికొస్తుంది. నదిని ఊపేది వానాకాలం. అడుగున, ఒడ్డున పేరుకున్న మడ్డిని ప్రతి వరదా మళ్లీ లేపుతుంది. సముద్రం దగ్గరి పాయల్లో ఇంకో చిక్కు. ఇనుప తుప్పు రేణువులు లోహాలను పట్టి ఉంచుతాయి. ఆక్సిజన్ అందని బురదలో ఆ తుప్పు కరిగితే, పట్టుకున్నవి నీళ్లలోకి వస్తాయి. అందుకే నీళ్లతో పాటు అడుగు మట్టిని కూడా పరీక్షించాలి.

ల్యాబ్ రిపోర్టు అబద్ధమని నేననను. కానీ అది ఏ ప్రశ్నకు జవాబో చూడాలి. 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టాక కొలిస్తే వచ్చేది కరిగిన లోహం లెక్క. రేణువులకు అంటుకున్నది ఫిల్టర్ మీదే ఉండిపోతుంది. బ్రెజిల్ నిబంధనల్లో రెండో తరగతి (శుద్ధి చేశాక తాగునీటికి వాడుకోదగ్గ) నదికి ఇనుము పరిమితి కరిగిన రూపంలో లీటరుకు 0.3 మిల్లీగ్రాములు, మాంగనీస్‌కు మొత్తం రూపంలో, అంటే కరిగినదీ రేణువులకు అంటుకున్నదీ కలిపి, 0.1 మిల్లీగ్రాములు. రెండూ ఒకే రకం లెక్క కాదు. అవతలి వైపు వాళ్లకూ ఒక మాట: పరిమితి దాటిన ప్రతిదీ డ్యామ్ వల్లే అనడమూ తప్పే. బురద తగలని ఎగువ నీళ్లతో, ప్రమాదానికి ముందటి లెక్కలతో పోల్చి చూశాకే ఆ మాట అనాలి.

చేపలు తిరగడం అవి బతికున్నాయనడానికే రుజువు. వాటి కాలేయంలో, కండలో ఏం పేరుకుందో కోసి కొలిస్తేనే తెలుస్తుంది. కాచి తాగితే చాలని కూడా కొందరంటున్నారు. కాస్తే క్రిములు చస్తాయి, లోహాలు పోవు. నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి.

ఇకపై ఎవరైనా రిపోర్టు షేర్ చేస్తే తేదీ చూడండి. ఎండాకాలంలో పట్టిన నీళ్లా, వరదలో పట్టినవా? వడకట్టారా లేదా? అడుగు మట్టి లెక్క ఉందా? ఇవి లేని కాగితం చూపించి ఆ నీళ్లు తాగమని ఒడ్డున ఉన్నవాళ్లకు చెప్పకండి.