గీత ఎక్కడ గీస్తే లెక్క అక్కడికే

అమెరికాలో విషవ్యర్థాల కేంద్రాలు నల్లజాతివారి ఇళ్ల పక్కనే ఎక్కువగా ఉన్నాయా? సమాధానం చాలాకాలం పాటు పటం మీద గీతలు గీసిన తీరును బట్టి మారుతూ వచ్చింది.

1982లో నార్త్ కరోలినాలో నల్లజాతివారు ఎక్కువగా ఉండే వారెన్ కౌంటీలో, పీసీబీ అనే విష రసాయనాలు కలిసిన మట్టిని పూడ్చడానికి వచ్చిన లారీలకు జనం అడ్డంగా పడుకున్నారు. ఆ తర్వాత, 1987లో, యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే చర్చి సంస్థ నివేదిక జిప్ కోడ్‌ల (మన పిన్‌కోడ్‌ల వంటివి) వారీగా లెక్క తీసి, జాతికీ ఈ కేంద్రాలకూ గట్టి సంబంధం ఉందని చెప్పింది. 1994లో మరికొందరు పరిశోధకులు జనగణన ట్రాక్టులను, అంటే జనాభా లెక్కల కోసం గీసిన చిన్న ప్రాంతాలను, తీసుకుంటే ఆ సంబంధం దాదాపు కనిపించలేదు. పొరపాటు ఎక్కడుందంటే, ఇలాంటి కేంద్రం తరచూ ట్రాక్టు అంచునే ఉంటుంది; రోడ్డుకు అవతలి ఇల్లు వేరే ట్రాక్టులోకి వెళ్లిపోవడంతో, కిటికీ తీస్తే ఘాటు వాసన వచ్చే కుటుంబం కూడా 'కేంద్రం లేని ప్రాంతం' ఖాతాలో పడుతుంది. సరిహద్దులను పక్కనపెట్టి దూరాన్ని కొలిచిన 2007 నివేదికలో, కేంద్రానికి 3 కిలోమీటర్ల లోపు జనాభాలో శ్వేతజాతీయేతరులు 56 శాతం, మిగతాచోట్ల 30 శాతం అని తేలింది.

గాలి విషయంలో 3 కిలోమీటర్లు కూడా మోటు కొలతే. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో గూగుల్ కార్లకు పరికరాలు బిగించి వీధివీధీ తిప్పితే, ఒకే బ్లాకులో కాలుష్యం 5 నుంచి 8 రెట్లు తేడాగా కనిపించింది. ఆ నగరంలో 580 హైవే మీద భారీ ట్రక్కులకు ప్రవేశం లేదు. అవన్నీ 880 మీదుగా, పేదల పేటలను ఒరుసుకుంటూ పోతాయి. నగర సగటు ఈ సంగతి చెప్పదు.

1930లలో గృహరుణాల కోసం గీసిన పటంలో, అప్పివ్వడం ప్రమాదమంటూ ప్రభుత్వ సంస్థ ఎరుపు రంగు వేసిన పేటల్లో, వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ నేటికీ, అప్పుకు మేలైనవని ఆకుపచ్చ వేసిన పేటల కన్నా 50 శాతానికి పైగా ఎక్కువని 202 నగరాలపై 2022లో వచ్చిన అధ్యయనం చూపింది. అందులో అంతగా చర్చకు రాని మాట మరొకటుంది: ఒకే రంగు పేటల్లోనూ జాతుల మధ్య తేడా మిగిలే ఉంది. కాబట్టి నేరమంతా ఆ పాత పటం మీదికే నెట్టేయడం తేలిక పని మాత్రమే.

అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ (ఈపీఏ) నడిపిన, ఏ ప్రాంతంలో ఎవరుంటారో, కాలుష్యం ఎంతో కలిపి చూపే ఈజేస్క్రీన్ అనే ఆన్‌లైన్ పటాన్ని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి తొలగించారు. ముందుచూపుతో సమాచారం దాచుకున్నవారు దాన్ని వేరేచోట మళ్లీ నిలబెట్టారు. అయితే, సర్కారు ముద్ర లేని ఆ పటాన్ని పట్టుకుని ఫ్యాక్టరీ అనుమతి విచారణలో నెగ్గుకురావడం వేరే సంగతి.