పక్షిని చూపించిన కంటికి దక్కేదెంత?

దక్షిణాఫ్రికాలోని ఎంపుమలాంగా ప్రావిన్స్‌లో, దక్షిణపు అంచున వాకర్‌స్ట్రూమ్ అనే చిన్న ఊరుంది. అక్కడ సింహాలు, ఏనుగులు కనిపించవు. చుట్టూ ఎత్తైన గడ్డిమైదానాలు, ఊరి పక్కన ఒక చిత్తడి నేల, మేతకు వదిలిన పశువులు, అంతే. అయినా యూరప్ నుంచి, అమెరికా నుంచి బైనాక్యులర్లు మెడలో వేసుకుని ఎంతోమంది అక్కడికి వస్తారు. వాళ్లను రప్పించేది రడ్స్ లార్క్ అనే పిట్ట. మన పొలాల్లో తిరిగే భరతపక్షుల కుటుంబానిదే. గోధుమ రంగు, గుప్పెడంత ఒళ్లు. దక్షిణాఫ్రికాలోని ఎత్తైన పచ్చికబయళ్లలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. అదే కుటుంబానికి చెందిన బోథాస్ లార్క్‌దీ ఇదే కథ. రెండూ అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయి.

ఆఫ్రికా సఫారీ అంటే మనకు ముందు గుర్తొచ్చేవి సింహం, ఏనుగు లాంటి ఐదు పెద్ద జంతువులు. వాటి చుట్టూ నడిచే వ్యాపారమంతా కంచె లోపలే, పెద్ద పార్కుల్లో, ఖరీదైన లాడ్జీల్లో సాగుతుంది. పక్షులకు కంచెలతో పని లేదు. జాంబెజి, కునేనే నదులకు దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో 950కి పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. వాటిలో అరుదైన కొన్ని ఎక్కువగా జాతీయ పార్కుల బయటే ఉంటాయి. రైతుల పొలాల్లో, ఊరుమ్మడి మేత భూముల్లో, ఊరి పక్క అడవి తునకల్లో బతుకుతాయి. కేప్‌టౌన్‌లో పక్షులు చూడ్డానికి పేరున్న చోట్లలో ఒకటి స్ట్రాండ్‌ఫాంటీన్ మురుగునీటి శుద్ధి చెరువులు! కాబట్టి పక్షుల కోసం వచ్చే సందర్శకుడి డబ్బు, సింహం కోసం వచ్చే డబ్బు ఎన్నడూ చేరని ఊళ్లకు చేరగలదు. పక్షి సఫారీలకున్న అసలు బలం ఇదే అని నా అభిప్రాయం. చేరగలదు అంటున్నాను గానీ, చేరుతోందని అనలేను.

ఆ డబ్బు ఊళ్లోకి రావడానికి దారి స్థానిక గైడు. బర్డ్‌లైఫ్ సౌతాఫ్రికా అనే సంస్థ వాకర్‌స్ట్రూమ్‌లో శిక్షణ కేంద్రం పెట్టి, చుట్టుపక్కల ఊళ్ల యువతీయువకులను పక్షి గైడ్లుగా తయారుచేస్తూ వచ్చింది. జులులాండ్‌లో, లింపోపో కొండ అడవుల్లో కూడా ఇలాంటి గైడ్లున్నారు. వీళ్ల విద్య పుస్తకంలో దొరకదు. రడ్స్ లార్క్‌కు పొట్టి గడ్డి కావాలి. ఏ వాలు మీద ఈ ఏడు మంట పెట్టారో, ఎక్కడ గొర్రెలు గట్టిగా మేశాయో తెలిసినవాడికే అది ఎక్కడుంటుందో తెలుస్తుంది. వానాకాలపు ఉదయాల్లో మగపిట్ట కంటికి ఆనని ఎత్తుకు ఎగిరి పాడుతుంది. ఆ పాట చెవిన పడకపోతే దాని కింద నిలబడి కూడా పిట్ట లేదనుకుని వెళ్లిపోతారు. ఆ చెవి తయారు కావడానికి ఏళ్లు పడుతుంది.

ఇక లెక్క చూద్దాం. విదేశీ సందర్శకులు ఎక్కువగా కొనేది రెండు మూడు వారాల ప్యాకేజీ. ప్రయాణమంతా వెంట ఉండే నాయకుడు కంపెనీ మనిషి. వందల జాతులను కూతతోనే పోల్చగల ఆ నాయకుడి నేర్పును నేను తక్కువ చేయడం లేదు. కానీ బృందం ఒక ఊరు చేరాక, అతనికి దొరకని ఒకటి రెండు పిట్టల కోసం స్థానిక గైడును ఒక పూటకు పిలుస్తారు. వారాల యాత్రలో అతడి వాటా ఆ పూట కూలి, పైన ఇచ్చే టిప్పు. ఆ ఊరి పేరు ప్యాకేజీ ప్రకటనలో ఎక్కడానికి కారణం మాత్రం ఆ పూటే.

ఈ తేడాకు నేర్పులో లోటు కారణం కాదు. చాలామంది స్థానిక గైడ్లకు సొంత వాహనం లేదు, డ్రైవింగ్ లైసెన్సు లేదు. విమానాశ్రయానికి వెళ్లి అతిథులను తెచ్చుకోలేనివాడు యాత్ర నడపలేడు. దక్షిణాఫ్రికా చట్టం ప్రకారం టూరిస్టు గైడుగా పనిచేయాలంటే నమోదు తప్పనిసరి. ఒక్క స్థలానికి పరిమితమైన గైడు, ప్రావిన్స్ అంతటా తిరగగల గైడు, దేశమంతా తిరగగల గైడు అని మూడు మెట్లున్నాయి. పై మెట్టు ఎక్కాలంటే మళ్లీ చదువు, మళ్లీ ఖర్చు. పూట కూలి మీద బతికేవాళ్లకు అది తేలిక కాదు. 2020లో కోవిడ్ వల్ల సరిహద్దులు మూతపడినప్పుడు ఈ గైడ్ల సంపాదన ఒక్కసారిగా ఆగిపోయింది. వాళ్ల కోసం విరాళాలు సేకరించాల్సి వచ్చింది. సీజన్లో లాభం పైకి పోయి, కష్టం వచ్చినప్పుడు భారం కింద పడే ఏర్పాటును స్థానికాభివృద్ధి అనలేం.

భూమి మీద హక్కు ఉన్నచోట ఈ కథ మారుతుంది. క్రూగర్ పార్కు ఉత్తరపు కొసన, లింపోపో, లువువు నదుల మధ్య ఉన్న పఫూరి ప్రాంతం మకులెకె ప్రజలది. 1969లో వర్ణవివక్ష ప్రభుత్వం వాళ్లను బలవంతంగా ఖాళీ చేయించి, ఆ నేలను పార్కులో కలిపేసింది. 1998లో భూమి వాళ్లకు తిరిగి దక్కింది. వాళ్లు దాన్ని దున్నుకోలేదు, అడవిగానే ఉంచారు. పర్యాటక హక్కులు మాత్రం తమ దగ్గర పెట్టుకుని లాడ్జీలకు లీజుకిచ్చారు. చేపలు పట్టే పెల్స్ గుడ్లగూబ కోసం బర్డర్లు, అంటే పక్షులను చూడ్డానికి తిరిగేవాళ్లు, కలలు కనే చోటు అది. అక్కడ ఊరు టిప్పు కోసం చూడదు, అద్దె అడుగుతుంది.

గడ్డిమైదానాలకు అలాంటి రక్ష తక్కువ. వాకర్‌స్ట్రూమ్ దగ్గరి మబోలా ప్రాంతాన్ని 2014లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మూడేళ్లు తిరక్కుండానే అక్కడ భూగర్భ బొగ్గు గనికి ఇద్దరు మంత్రులు అనుమతిచ్చారు. అడిగిన కంపెనీ మన దేశపు వ్యాపార సమూహానికి చెందినదే. పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కాయి, 2018లో ప్రిటోరియా హైకోర్టు ఆ అనుమతిని కొట్టేసింది. వ్యవహారం అంతటితో ముగియలేదు. 2021లో ప్రావిన్స్ ప్రభుత్వం ఆ ప్రాంతంలో కొంత భాగానికి రక్షణే తీసేసింది. వాల్, టుగెలా, పొంగోలా లాంటి నదులకు నీరిచ్చే నేల అది. బొగ్గు వస్తే ఉద్యోగాలొస్తాయన్న మాటకు ఊళ్లో వినేవాళ్లుంటారు, వాళ్లను తప్పుపట్టలేం. పిట్టల వల్ల ఏటా తిండి గడిచే ఇళ్లు నాలుగే ఉంటే, గని వద్దనే గొంతులూ నాలుగే ఉంటాయి. అందుకే గైడు కూలి పర్యావరణ ప్రశ్న కూడా.

పక్షి శ్రేయస్సుకూ దీనికీ ముడి ఉంది. పిట్టను బయటికి రప్పించడానికి దాని కూతను స్పీకర్లో వినిపించే ప్లేబ్యాక్ పద్ధతి బర్డింగ్‌లో మామూలు. మితిమీరితే, ముఖ్యంగా గూడు కట్టే కాలంలో, పిట్ట తన హద్దులోకి ఎవరో వచ్చారనుకుని పిల్లలను వదిలి అటు పరుగెడుతుంది. టిప్పు మీద ఆధారపడ్డ గైడు, జాబితాలో ఇంకో పేరు కావాలని తొందరపెట్టే అతిథికి వద్దని ఎలా చెప్పగలడు? నిలకడైన జీతం ఉంటే చెప్పగలడు. రేపు మళ్లీ అదే పిట్ట దగ్గరికి వెళ్లాల్సింది అతడే కదా.

మనకూ ఆ నేలకూ మధ్య రెక్కల చుట్టరికం ఒకటుంది. సైబీరియా, ఉత్తర చైనాల నుంచి బయల్దేరే అముర్ డేగలు నాగాలాండ్‌లో దిగి, మన ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రం దాటి దక్షిణాఫ్రికా చేరతాయి. క్వాజులు-నాటాల్ పట్టణాల్లో ఎత్తైన చెట్ల మీద గుంపులుగా రాత్రి గడుపుతాయి. 2012లో నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర వలలు పన్ని వీటిని లక్షకు పైగా చంపారని తేలింది. మరుసటి ఏడాదే పాంగ్టి గ్రామస్థులు వేట మానేశారు. తర్వాత డేగలను చూడ్డానికి సందర్శకులు రావడం మొదలైంది. ఒకే పిట్ట, రెండు ఖండాల్లో రెండు ఊళ్లు. రెండు చోట్లా దాని బతుకు ఆ ఊరివాళ్ల చేతిలోనే.

స్థానికుడి ఎరుకకున్న విలువ మన కడపలో, లంకమల అడవుల్లో కూడా తేలింది. దాదాపు ఎనభై ఆరేళ్లు కనిపించక, అంతరించిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ దొరికింది. శాస్త్రవేత్తల వెతుకులాట నిజమే, కానీ దాన్ని రాత్రిపూట పట్టి తెచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ అడవి అతడికి తెలుసు కాబట్టి దొరికింది.

హైదరాబాద్ నుంచి కెమెరాలు భుజాన వేసుకుని ఆఫ్రికా వెళ్లే తెలుగువాళ్లను ఇప్పుడు తరచూ చూస్తున్నాం. బుక్ చేసే ముందు కంపెనీని వాళ్లు ఈ ప్రశ్నలు అడగాలని నా విన్నపం. ఏ ఊళ్లో ఏ స్థానిక గైడును పెడుతున్నారు? పూటకా, రోజులకా? అతడి రుసుము ప్యాకేజీలో ఉందా, టిప్పుకు వదిలేశారా? రాత్రి బస ఆ ఊళ్లోనా, వంద కిలోమీటర్ల దూరంలోనా? జవాబు చెప్పలేని కంపెనీకి అడ్వాన్సు కట్టకండి. యాత్ర నుంచి వచ్చాక పెట్టే ఫొటోల కింద కెమెరా, లెన్సు వివరాలు రాస్తారు కదా, అదే చోట ఆ గైడు ఒప్పుకుంటే అతడి పేరూ ఊరూ కూడా రాయండి. వచ్చే సీజన్లో ఎవరైనా అతణ్నే నేరుగా పిలుచుకుంటారు.