అమ్మినన్నాళ్లు చూస్తూ ఊరుకుని...

వాకీటాకీల ఆన్‌లైన్ అమ్మకాలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 విక్రయ వేదికలకు నోటీసులిచ్చి, 2025 మే 30న మార్గదర్శకాలు జారీచేసింది. సెట్టు ఏ ఫ్రీక్వెన్సీపై పనిచేస్తుందో, లైసెన్సు అవసరమో కాదో చెప్పకుండా అమ్మడానికి ఇకపై వీల్లేదు. అయితే ఆ సెట్లు అప్పటికే కల్యాణమండపాలకు, నిర్మాణ స్థలాలకు, కాపలా సిబ్బంది చేతుల్లోకి చేరిపోయాయి. అనుమతి లేని రేడియో పరికరం దగ్గర ఉంచుకుంటే తొలిసారి రూ. 50 వేల వరకు జరిమానా అని 2023 టెలికం చట్టం చెబుతోంది. బహిరంగంగా అమ్మినప్పుడు పట్టించుకోని వ్యవస్థ, కొన్నవాడిని దోషిగా నిలబెట్టడం ఏ న్యాయం?

అనుమతి లేని సెట్లు పోలీసు, విపత్తు సహాయ దళాల సంభాషణలకు అడ్డుపడతాయన్న వాదన నిజమే, దాన్ని ఎవరూ కాదనరు. మా అభ్యంతరం వేరు. చట్టబద్ధమైన దారిని నడవడానికి వీల్లేకుండా చేసి, పక్కదారి పట్టినవారిని శిక్షించడమే మాకు మింగుడుపడనిది.

ఆ దారి పేరు సిటిజన్ బ్యాండ్. 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్ల శక్తికి లోబడి, లైసెన్సు లేకుండా ఎవరైనా మాట్లాడుకోవచ్చని కేంద్రం 2005లోనే ప్రకటించింది. కానీ ఏరియల్ (యాంటెన్నా) సెట్టులోనే అమరి ఉండాలని షరతు పెట్టింది. ఈ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. ఏరియల్ బాగా పనిచేయాలంటే అందులో నాలుగో వంతైనా, అంటే దాదాపు రెండు ముప్పావు మీటర్లు ఉండాలి. చేతి సెట్టులో ఇమిడే పొట్టి ఏరియల్‌తో శక్తిలో అధిక భాగం వృథా అవుతుంది. లారీ మీదా ఇంటి కప్పు మీదా నిలబెట్టుకునే ఏరియల్ వల్లే ఈ బ్యాండ్ అమెరికా రహదారుల్లో లారీ డ్రైవర్లకు ఆసరా అయింది. అనుమతి ఇచ్చినట్టే ఇచ్చి, పనికొచ్చే ముక్కను తీసేసుకున్నారు.

ఇక పాత సెట్లున్నవారి గతి మరీ దయనీయం. లోపల విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్లు ఎండిపోతాయి, ఫ్రీక్వెన్సీని నిలకడగా ఉంచాల్సిన క్రిస్టల్ గాడి తప్పి ఫ్రీక్వెన్సీ జారిపోతుంది, సంకేతానికి బలమిచ్చే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో కొన్నింటి తయారీ ఎప్పుడో ఆగిపోయి వాటి స్థానంలో నకిలీలు తిరుగుతున్నాయి. జారిన ఫ్రీక్వెన్సీతో పాత సెట్టు మాట్లాడితే అది నిబంధన ఉల్లంఘనే. మరి ఆమోదం పొందిన కొత్త సెట్టు మన ఊరి దుకాణంలో ఏదీ? 446 మెగాహెర్ట్జ్ వద్ద తక్కువ శక్తి సెట్లకు 2018లో ఇచ్చిన లైసెన్సు మినహాయింపు మెచ్చదగినదే గానీ, పట్టణపు గోడల మధ్య దాని తరంగం ఎంతో దూరం పోదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు సెల్‌ఫోన్లు రోజుల తరబడి మూగబోయాయి. టవర్లతో పనిలేని రేడియో సామాన్యుడి చేతిలో ఎందుకుండాలో అంతకు మించి చెప్పాల్సింది లేదు.

ఏరియల్ షరతు సడలించడానికి పార్లమెంటు కూర్చోనక్కర్లేదు, ఒక గెజిట్ నోటిఫికేషన్ చాలు. లైసెన్సు అక్కర్లేని సెట్లేవో తెలుగులో ఒక జాబితా ప్రచురించడానికి అదీ అక్కర్లేదు. రెండూ చేయకుండా, పెళ్లిపందిట్లో సెట్టు పట్టుకున్న కుర్రాడికి నిబంధనలు నేర్పే అర్హత టెలికం శాఖకు ఎక్కడిది?