అన్మెల్డుంగ్ గారికి ఒక బహిరంగ విన్నపం

మహారాజశ్రీ జర్మనీ నివాస నమోదు పత్రం, ఉరఫ్ అన్మెల్డుంగ్ గారి దివ్య సముఖమునకు, ఉద్యోగ నిమిత్తం ఈ దేశానికి వచ్చిన సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఒకడు చేసుకొను విన్నపము.

అయ్యా, ఇక్కడికి బయలుదేరే ముందు నేను తమరి పేరైనా వినలేదు. నాకు తెలిసిన పెద్దమనిషల్లా, నిపుణులైన విదేశీ ఉద్యోగులకు నివాస అనుమతినిచ్చే బ్లూ కార్డు గారొక్కరే. 2012 ఆగస్టులో జర్మనీలో అమలులోకి వచ్చిన నాటి నుంచి ఆయన ఖ్యాతి ఖండాలు దాటింది. 2023 నవంబరులో నిబంధనలు సడలించినప్పుడు, డిగ్రీ లేకపోయినా గడచిన ఏడేళ్లలో మూడేళ్ల తగిన అనుభవం ఉన్న ఐటీ నిపుణులను కూడా ఆదరిస్తామన్నారు. ఉద్యోగ ఒప్పందం, జీతం, చదువు, ఆరోగ్య బీమా ఒక్కొక్కటిగా పరిశీలించి పాస్‌పోర్టులో వీసా అతికించిన రోజున, ఒక రాజ్యం నన్ను నమ్మిందనే అనుకున్నాను. విమానం దిగిన తరువాత గాని, ఆయన గుమ్మం దాకా సాగనంపే మర్యాదస్తుడు మాత్రమేననీ, లోపలి పెత్తనమంతా తమరిదేననీ తెలిసిరాలేదు.

తమరి చట్టాన్ని శ్రద్ధగా చదివాను. 2015 నవంబరు 1 నుంచి అమలులో ఉన్న సమాఖ్య నివాస నమోదు చట్టం ప్రకారం, ఇంట్లో చేరిన రెండు వారాలలోగా నమోదు చేసుకోవాలి. అందుకు వెళ్లేటప్పుడు, ఫలానా వ్యక్తి ఫలానా తేదీన మా ఇంట్లో దిగాడని ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువీకరణ వెంట తీసుకువెళ్లాలి. అద్దె ఒప్పందం ఒక్కటే చూపిస్తే చాలదు. గడువు దాటితే 1,000 యూరోల దాకా జరిమానా ఉండవచ్చు. ఎవరూ కాపురముండని చిరునామాను నమోదు కోసం అరువిచ్చిన మహానుభావుడికైతే 50,000 యూరోల దాకా పడవచ్చు. దొంగ చిరునామాకే ఇంత వెల కట్టారంటే, అసలు చిరునామా ఎంత అరుదైనదో తమరికి ముందే తెలుసన్నమాట.

గడువు పెట్టినవారు తమరే, అపాయింట్‌మెంట్ ఇవ్వవలసిన కార్యాలయమూ తమరిదే. ఆ కార్యాలయపు వెబ్‌సైటులో, చట్టం చెప్పిన రెండు వారాలూ ఎంత వెతికినా ఒక్క ఖాళీ కనిపించలేదు. రద్దయిన అపాయింట్‌మెంట్లు తెల్లవారుజామున బయటపడతాయని అనుభవజ్ఞులు చెప్పగా, పేజీని అదేపనిగా తెరిచి చూడడం మానవమాత్రుడి వల్ల కాదని, పొట్టకూటి విద్యను ప్రయోగించి ఒక చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. కాసేపటికే ఆ సైటు నేను మనిషిని కానని, రోబోనని తేల్చివేసింది. ఈ దేశంలో నా గుర్తింపు గురించి ప్రభుత్వ యంత్రాంగం రూఢిగా చెప్పిన మొదటి మాట అదే.

ఇక తమరి చుట్టూ తిరిగే వ్యవహారానికి వస్తాను. ఇల్లు అద్దెకివ్వమని అడిగితే, యజమానులు గడచిన మూడు నెలల పే స్లిప్పులనూ, ఇక్కడి అప్పులు సక్రమంగా తీర్చానని చెప్పే షూఫా నివేదికనూ అడిగారు. నిన్నగాక మొన్న దిగినవాడు ఈ దేశంలో ఎవరికీ బాకీ పడలేదు గనుక, నిజాయతీపరుడని నిరూపించుకునే అవకాశం అతనికి ఇంకా రాలేదు. పే స్లిప్పు రావాలంటే జీతం రావాలి, జీతం పడడానికి బ్యాంకు ఖాతా కావాలి, ఖాతా తెరవబోతే తమరిని తీసుకురమ్మన్నారు, తమరు ఇల్లు చూపించమన్నారు. 2016లో అమలులోకి వచ్చిన చెల్లింపు ఖాతాల చట్టం, స్థిర నివాసం లేనివారికి కూడా ప్రాథమిక ఖాతా పొందే హక్కు ఇచ్చింది కదా అని కౌంటరు దగ్గర వినయంగా గుర్తుచేశాను. "అది ఇల్లు లేనివారి కోసమండీ, మీరు ఇల్లు వెతుక్కుంటున్నవారు కదా" అని అంతే వినయంగా జవాబు వచ్చింది.

మా వృత్తిలో ఈ స్థితిని డెడ్‌లాక్ అంటారు. అది ఏర్పడాలంటే నాలుగు షరతులు ఒకేసారి కూడి రావాలని 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, షోషాని అనే ముగ్గురు రాశారు: వనరు ఒకసారికి ఒక్కరి చేతిలోనే ఉండాలి, చేతిలో ఉన్నదాన్ని వదలకుండా ఇంకొకదాని కోసం కాచుకుని ఉండాలి, ఒకరి దగ్గరున్నదాన్ని బలవంతంగా తీసుకునే అధికారం ఎవరికీ ఉండకూడదు, అందరూ వలయాకారంలో ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా ముడి విడిపోతుంది. తమరి ఏర్పాటులో ఒక్కటీ తప్పలేదు. పైగా విడివిడిగా చూస్తే ఎవరినీ తప్పుపట్టడానికి లేదు; బ్యాంకు తన ఖాతాదారుడెవరో తెలుసుకోవాలి, యజమానికి అద్దె రావాలి, కార్యాలయానికి ఎవరెక్కడ ఉంటున్నారో తెలియాలి. ఈ వలయాన్ని ఎవరూ గీయలేదు కనుక, దీని మీద ఫిర్యాదు తీసుకునే కౌంటరు కూడా ఎక్కడా లేదు.

డెడ్‌లాక్‌ను రానివ్వకుండా చూసే పద్ధతి ఒకటి నెదర్లాండ్స్ కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా గారు కనిపెట్టి, దానికి బ్యాంకరు పేరు పెట్టారు. అడిగినవారందరి అవసరాలూ ఏదో ఒక వరుసలో తీర్చగలనని లెక్కచూసుకుని మరీ అప్పిచ్చే బ్యాంకరును ఆయన ఊహించారు. శాస్త్రజ్ఞులకు ఊహాశక్తి ఉండవలసిందే. ఆయనకు కూడా తమరి పొరుగుదేశపు బంధువర్గంతో పని పడింది. 1957లో పెళ్లి చేసుకుంటూ వృత్తి గడిలో ప్రోగ్రామర్ అని రాస్తే, అటువంటి వృత్తి లేదని ఆమ్‌స్టర్‌డామ్ పురపాలక అధికారులు ఒప్పుకోలేదనీ, చివరకు సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్తగా నమోదు చేయించుకోవలసి వచ్చిందనీ ఆయనే చెప్పుకున్నారు. నా విషయంలో వృత్తి ఉన్నదని రెండు ప్రభుత్వ శాఖలు అంగీకరించాయి. ఇల్లు ఒక్కటే లేదు. అరవై ఏళ్లకు పైగా మా వృత్తి సాధించిన ప్రగతి ఇది.

చివరకు తమరిని డబ్బు పెట్టి తెచ్చుకున్నాననే చెప్పాలి. సామాను అమర్చి, కొన్ని నెలలకు మాత్రమే ఇచ్చే ఫ్లాట్ల ప్రకటనలలో వాషింగ్ మెషీన్, లిఫ్టు, బాల్కనీల సరసన తమరి పేరు కూడా ఒక సౌకర్యంగా కనిపిస్తుంది. బాల్కనీ వదులుకుని తమరిని ఎంచుకున్నాను. అద్దె గురించి చెప్పి తమరి గౌరవానికి భంగం కలిగించను. కార్యాలయంలో పని మాత్రం కొన్ని నిమిషాలలోనే ముగిసింది. ఇన్ని వారాలుగా నన్ను ఆపినది ఈ పనేనా అని అనుమానం వచ్చేటంత త్వరగా ముగిసింది. దరఖాస్తులో మతం అనే గడి ఉన్నది. అక్కడ క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాసినవారి ఆదాయపు పన్ను మీద బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రాలలో 8 శాతం, తక్కిన రాష్ట్రాలలో 9 శాతం చర్చి పన్ను పడుతుంది. ఆ గడి దగ్గర కలం ఆపి ఆలోచించేవారు భక్తి గురించే ఆలోచిస్తున్నారని తమరు భావిస్తూ ఉండవచ్చు.

తమరు దక్కిన తరువాత ఉత్తరాలు మొదలయ్యాయి. ఇక్కడ సాధారణంగా ఫ్లాట్లకు నంబర్లు ఉండవు గనుక, పోస్టుమ్యాన్ డబ్బా మీది ఇంటిపేరు చూసి ఉత్తరం వేస్తాడు. నా డబ్బా మీద అంతకుముందున్నవారి పేరే ఉండడం వల్ల, 11 అంకెల పన్ను గుర్తింపు సంఖ్యను మోసుకువచ్చిన ఉత్తరం వెనుదిరిగి వెళ్లింది. ఆ సంఖ్య ఇవ్వకపోవడం ఉద్యోగి తప్పేనని తేలితే, అన్నిటికంటే భారమైన ఆరో తరగతి పన్ను కోస్తారు. ఆ సంఖ్య తిరుగుదారిలో ఉండగానే, పేరును కాగితం మీద రాసి డబ్బాకు అతికించిన మర్నాడే, ప్రసార రుసుము వారి ఉత్తరం మాత్రం క్షేమంగా చేరింది. 2013 నుంచి ఈ రుసుము ఇంటి లెక్కన వసూలవుతున్నది. టీవీ ఉన్నా లేకపోయినా నెలకు 18.36 యూరోలు. నేను ఫలానా చోట నివసిస్తున్నానని మనస్ఫూర్తిగా, ఏ ఆధారమూ అడగకుండా నమ్మిన మొదటి సంస్థ అది.

ఇప్పుడు నాకు రెండు గదుల ఇల్లు, పే స్లిప్పులు, షూఫా నివేదిక అన్నీ సమకూరాయి. ఈ మధ్య మా బృందంలో చేరబోతున్న ఒక డెవలపరు ఫోన్ చేసి, కొన్నాళ్లు ఒక గది అద్దెకు ఇవ్వగలరా, ముఖ్యంగా ఆ ధ్రువీకరణ మీద సంతకం పెట్టగలరా అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఇంటి యజమాని అనుమతి ఉంటే, అద్దెదారుడిగా ఉన్న నేనే అతనికి ఆ సంతకం చేయవచ్చు. తప్పకుండా ఇస్తానని చెప్పి, గడచిన మూడు నెలల పే స్లిప్పులు పంపించమన్నాను.

ఇట్లు,
తమరి రికార్డులలో నివసిస్తున్నవాడు