మహారాజశ్రీ ఐ7 స్టిక్కరు వారి సముఖానికి

తిరుపతి కొర్లగుంటలో ఒక మిద్దె మీది గది నుంచి నమస్కారాలతో రాయునది.

తమరు మా ల్యాప్‌టాప్ కీబోర్డు కింద మూలన, గోరంత జాగాలో లోపలి ప్రాసెసర్ పేరు చాటుతూ, నీలంగా మెరుస్తూ క్షేమమని తలుస్తాం. ఇక్కడ క్షేమం లేదు. నిన్న ఆ ల్యాప్‌టాప్ మీద పాట రికార్డు చేయబోతే, మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదున్నర దాకా, ఇరవై మూడు టేకులకు ఒక్క పల్లవి తెగలేదు. పాడే అమ్మాయి శ్రుతి తప్పలేదు, మృదంగం తాళం తప్పలేదు. అనుపల్లవి ఎత్తుకునే చోట మాత్రం ప్రతిసారీ 'టప్'. పోపులో ఆవగింజ పేలినట్టు. ఆవగింజ అయితే కనీసం చారుకు వాసన ఇస్తుంది.

తమరు పేరులో సగమే చెప్పుకుంటారు. మిగతా సగం కావాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరవాలి. తెరిచాం. ఐ7-7500యూ. కోర్లు, అంటే ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే చేతులు: 2.

అంగడిలో మాత్రం "సెవెన్ సార్, టాప్" అన్నారు. ఐ పక్కనున్న ఏడు వర్గం పేరు. గీత తర్వాత వచ్చే ఏడు జనరేషన్. అంటే 2016 నాటి సరుకు. చివర్లో ఉన్న 'యూ' అక్షరం 15 వాట్ల పొదుపు రకం అని చెబుతుంది. అసలు సంగతంతా ఆ గీత తర్వాతే ఉంది, స్టిక్కరు ఆ గీతకు ముందే ఆగిపోయింది. పెళ్లిచూపుల్లో జీతం చెప్పి అప్పులు చెప్పకపోవడం లాంటిది ఇది. మరుసటి ఏడాది, 2017లో, అవే 15 వాట్లతో వచ్చిన ఐ5-8250యూకి నాలుగు కోర్లున్నాయి. 2022లో వచ్చిన డెస్క్‌టాప్ ఐ3-12100కి కూడా నాలుగు, ఒక్కో కోరూ తమరి కోరు కంటే ఎంతో చురుకు. దాని స్టిక్కరు మీద మూడు అని ఉంటుంది కనుక ఎవరూ దాని మొహం చూడరు.

రికార్డింగుకు అంత పనేముందని తమరు అనవచ్చు. నిజమే, గొంతు ఒక్కటే ఎక్కించుకోవడానికి ఏ పనీ లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో అంటే నిమిషానికి 8.6 ఎంబీ. ('1 టీబీ హార్డ్ డిస్క్' అని తమరి పక్కన డప్పు కొట్టుకునే స్టిక్కరుకూ ఇది వినిపించండి. జాగా కాదు కావలసింది, వేగం. ప్రోగ్రామూ, ముందే పట్టి ఉంచిన వీణ నాదపు శాంపిళ్లూ ఎస్ఎస్‌డీ అనే వేగమైన డిస్కు మీద లేకపోతే వీణ లోడయ్యేలోపు కాఫీ చల్లారిపోతుంది.) అసలు చిక్కంతా బఫర్ దగ్గర, అంటే ధ్వనిని విడతలుగా పోసి ప్రాసెసర్‌కు అందించే గిన్నె దగ్గర. దాన్ని 128 శాంపిళ్ల మీద (సెకనుకు తీసే 48 వేల ధ్వని కొలతల్లో 128) పెడితే ప్రాసెసర్‌కు ప్రతి విడతా 2.7 మిల్లీసెకన్ల గడువు. ఆలోపు వీణ శాంపిలూ, కంప్రెసరూ, రివర్బూ అన్నీ లెక్క తేలాలి. ఒకే ట్రాకు మీది ఈ ప్లగిన్లు, అంటే ధ్వనిని పుట్టించే, మార్చే చిన్న ప్రోగ్రాములు, ఒకదాని ఫలితం కోసం ఇంకొకటి చేయి చాచుకుని నిలబడతాయి కాబట్టి ఆ బరువు మామూలుగా ఒక్క కోరు మీదే పడుతుంది. గడువు దాటిందా, టప్. పోనీ అని బఫర్ 1024కి పెంచితే టప్ పోతుంది. కానీ వెళ్లడానికి 21, రావడానికి 21 మిల్లీసెకన్లు. పాడే మనిషికి హెడ్‌ఫోన్లో తన గొంతే వెనకాల నుంచి కోరస్ పాడుతుంది. గమకం వేసే దగ్గర ఇక దేవుడే దిక్కు.

దీనికి తోడు మిద్దె గది. ఎండకు ప్రాసెసర్ వేడెక్కి స్పీడు తగ్గించుకుంటుంది, దాన్ని చల్లార్చే ఫ్యాను హోరు కండెన్సర్ మైకులోకి దూరుతుంది. చార్జర్ నుంచి సన్నగా ఒక గుయ్. చార్జర్ పీకితే గుయ్ పోతుంది, దాంతోపాటు ప్రాసెసర్ స్పీడూ పోతుంది.

ఇంకా ఉంది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగింది. విండోస్ 11 ఒప్పుకునే జాబితాలో తమరి పేరు లేదు. రాగిరేకుల మీద చెక్కిన అన్నమయ్య కీర్తనలు అయిదు శతాబ్దాలైనా చదువుకుంటున్నాం. తమరికి తొమ్మిదేళ్లకే నూరేళ్లు నిండాయి.

ఏంది సామీ, ఇంకా 'తమరు' ఏంది నీకు? పైన ఏడు అని రాసుకోని లోపల రెండే పెట్టుకోనుండావే, నీకేమన్నా న్యాయంగా ఉండాదా? అవే దుడ్లు పెట్టి, సప్తగిరి రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీట్‌కి పోయుంటే పాత ఆఫీసు డబ్బా కంప్యూటర్ దొరికేది. ఐ5-8500, 2018ది, ఆరు కోర్లు, 65 వాట్లు. దాన్లో 8 జీబీ ర్యామ్ రెండు ముక్కలు, 500 జీబీ ఎస్ఎస్‌డీ, కరెంటు పోతే టేకు పోకుండా ఒక యూపీఎస్. డబ్బాని బల్ల కింద దూరంగా తోసేస్తే ఫ్యాను గోల కూడా తగ్గుతుంది. దానికి నీలం లైట్లుండవు, ఊరికే ఇచ్చే బ్యాగూ ఉండదు. ఆ బ్యాగు జిప్పు మొదటి వారమే ఊడె.

నీ కిందున్న ల్యాప్‌టాప్ మీద మాత్రం మాకు కోపం లేదు. అయిదున్నర తర్వాత వైఫై ఆపి, పవర్ ప్లాన్ హై పెర్ఫార్మెన్స్‌కి మార్చి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ తీసేసి, మైకును కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టెకు దాని సొంత ఆసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించేది) వేశాం. వీణ ట్రాకును ఫ్రీజ్ చేసేసరికి అది మామూలు ఆడియో అయి కూర్చుంది, కోరు మీద బరువు దిగింది. ఇంటర్‌ఫేస్ మీది డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కితే గొంతు కంప్యూటర్ దాకా పోయి రానక్కర్లేకుండానే హెడ్‌ఫోన్లోకి వచ్చింది. ఇక బఫర్ 1024 అయితేనేం? ఇరవై నాలుగో టేకు పల్లవి నుంచి చరణం దాకా ఒక్క టప్ లేకుండా పోయింది. పాపం ఆ రెండు కోర్లు వాటికి చేతనైనంతా చేశాయి. తమకు ఏడు ఉన్నాయని అవెప్పుడూ చెప్పలేదు, చెప్పింది నువ్వు.

అందుకే నిన్ను హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి, గోటితో ఒక మూల లేపి పెరికినాం. మిగిలిన జిగురు కొబ్బరి నూనె దూదితో తుడిస్తే పోయింది. ఇప్పుడు వంటింట్లో గ్రైండరు మీదున్నావు. పక్కనున్న దాని చీటీ చదువుకో: 2 లీటర్లు, 150 వాట్లు. పిండి పోసి చూసుకోవచ్చు.

ఇట్లు,
ఇరవై మూడు టేకుల బాధితులు

తా.క.: కొత్త డబ్బా కట్టించేటప్పుడు అంగడాయన "12400ఎఫ్ ప్రాసెసర్ తీసుకోండి, రేటు తక్కువ" అంటాడు. ఆ 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొంటే గానీ తెరమీద బొమ్మ రాదు. ఎఫ్ లేని 12400 అడగండి. కార్డు డబ్బులు మైకుకి పెట్టండి.