మార్కుల మాటున చట్టం

పరీక్ష ఫలితాలు రాగానే ఓ వార్త సిద్ధంగా ఉంటుంది: షూటింగులు చేస్తూనే ఫలానా బాలనటి క్లాస్ ఫస్ట్. పక్కన మిఠాయి తినిపిస్తున్న తల్లిదండ్రుల ఫొటో. మేమూ వేశాం, కాదనం. ఆ పిల్లను మెచ్చుకోవాల్సిందే. రాత్రి ప్యాకప్ అయ్యాక పుస్తకం పట్టడం మాటలా? కానీ తొమ్మిదేళ్ల పిల్లకు రాత్రి ప్యాకప్ ఏమిటి?

బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు సినిమా, టీవీ, ప్రకటనల్లో నటించే పిల్లలకు మినహాయింపు ఇచ్చారు, బడి చదువు దెబ్బతినకూడదన్న షరతు మీద. 2017 నిబంధనలు ఆ షరతును గంటల్లో కొలిచి పెట్టాయి. రోజుకు ఐదు గంటలే పని. మూడు గంటలకోసారి విరామం తప్పదు. వరసగా 27 రోజులు దాటకూడదు. షూటింగ్ జరిగే జిల్లా కలెక్టర్ అనుమతి ఉండాలి. సంపాదనలో కనీసం 20 శాతం బిడ్డ పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. వీటిలో ఏది పాటించారో ఆ వార్తలో ఒక్క ముక్క ఉండదు. మార్కుల మెమో చూపిస్తే అన్నీ పాటించినట్టే లెక్క!

మార్కులు తెచ్చుకున్నది పిల్ల. చట్టం పాటించాల్సింది నిర్మాత. ఆమె ర్యాంకు ఆయనకు సర్టిఫికెట్ ఎలా అవుతుంది? హోటల్లో కప్పులు కడిగే కుర్రాడు క్లాసులో ఫస్టొస్తే యజమానిని వదిలేస్తామా?

పిల్లలు ఇష్టపడే నటిస్తున్నారు, ప్రతిభను తొక్కేయొద్దు అంటుంది పరిశ్రమ. ఇష్టం లేకుండా చేయించరాదని ఆ నిబంధనల్లోనే ఉంది. ఆ ఇష్టాన్ని పదకొండో టేకు దగ్గర ఎవరైనా అడిగారా?

ఇంకో సంగతి. ఈ రక్షణంతా 14 ఏళ్లు నిండనివారికే. పదో తరగతి మెమో చేతికొచ్చేసరికి ఆ వయసు సాధారణంగా దాటిపోతుంది. మనం చప్పట్లు కొట్టే మార్కులు ఆ చిన్న వయసులో సెట్లో ఏం జరిగిందో చెప్పవు. ఇక గుంపు సీన్లలో వెనక వరసన నిలబడే పిల్లల సంగతి సరేసరి. వాళ్లు బడికి వెళ్తున్నారో లేదో అడిగే విలేకరి లేడు, మా దగ్గర కూడా.

ర్యాంకును డాలుగా అడ్డం పెట్టుకోవడం ఇక చాలు. కలెక్టర్లు తామిచ్చిన అనుమతుల జాబితా బయట పెట్టాలి. నిర్మాతలు డిపాజిట్ రసీదులు చూపాలి. పిల్ల మార్కులు వాళ్లింట్లో చూసుకుంటారు.